పైలట్ శిక్షణకు ముందు దొరికే ఖాళీలో ఏం చదవాలి, ఏది పక్కన పెట్టాలి

సైనిక పైలట్‌గా ఎంపికయ్యారన్న కబురుకీ, శిక్షణ మొదటి రోజుకీ మధ్య కొన్ని వారాలో, కొన్ని నెలలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో చాలామంది ముందుగా చేసే పని, తాము ఎక్కబోయే విమానం ఫ్లైట్ మాన్యువల్ ఎలాగోలా సంపాదించి ఎమర్జెన్సీ స్టెప్పులు బట్టీ పట్టడం. ఉత్సాహం మంచిదే గానీ వరస తప్పు. ఆ మాన్యువళ్లకు సవరణలు వస్తూనే ఉంటాయి. మీ చేతిలో ఉన్నది ఏ ఏటి ప్రతో మీకే తెలియదు. ఎమర్జెన్సీ స్టెప్పులను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి కాబట్టి, పాత ప్రతిలోని ఒక్క మాట నోటికి పాతుకుపోయినా దాన్ని పెకలించడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. పరీక్ష ఒత్తిడిలో నాలుక మీదికి వచ్చేది మొదట నేర్చిన మాటే.

అందుకే ఏ పుస్తకం ముట్టుకునే ముందైనా ఒక ప్రశ్న వేసుకోండి: ఏ విమానం ఎక్కినా, ఏ దేశపు దళంలో చేరినా ఈ విషయం ఇలాగే ఉంటుందా? ఉంటుందంటే ఇప్పుడే చదవండి. విమానాన్ని బట్టో, శిక్షణ కేంద్రాన్ని బట్టో మారేదైతే వదిలేయండి, వాళ్లే వాళ్ల పద్ధతిలో చెబుతారు. గాలి, వాతావరణం, మనిషి శరీరం, లెక్క మారవు. చెక్‌లిస్టులు, వేగాల పరిమితులు, సర్క్యూట్ (రన్‌వే చుట్టూ వేసే చుట్టు) ఎగిరే తీరు, ఆ ఊరి రేడియో మాటలు, ఇంజిన్ పరిమితుల అంకెలు మారతాయి. స్పిన్ (విమానం గింగిరాలు తిరుగుతూ కిందికి పడటం) నుంచి బయటపడే స్టెప్పులు కూడా విమానం విమానానికీ వేరు. స్పిన్ ఎందుకు మొదలవుతుందో, అంటే స్టాల్‌కు (రెక్క పైకెత్తే బలం ఒక్కసారిగా తగ్గిపోవడానికి) యా (ముక్కు పక్కకు తిరగడం) తోడైతే ఏమవుతుందో, అది ఇప్పుడు చదవండి. దాన్నుంచి బయటపడే క్రమాన్ని మాత్రం ఇన్‌స్ట్రక్టర్ నోట మొదటిసారి వినండి.

నోటి లెక్కలకే పెద్దపీట

మారని విషయాల్లోనూ అన్నిటికీ సమానంగా సమయం పంచడం దండగ. ఒకటే ఎంచుకోమంటే నోటి లెక్కలను ఎంచుకోవాలి. ఏరోడైనమిక్స్ (విమానం గాలిలో ఎలా ఎగురుతుందో చెప్పే శాస్త్రం), వాతావరణం గ్రౌండ్ స్కూల్‌లో కూర్చోబెట్టి చెబుతారు. 240 నాట్లంటే (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) నిమిషానికి ఎన్ని మైళ్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, వచ్చనే అనుకుంటారు. పైగా ఇది పుస్తకంతో వచ్చేది కాదు, ఎక్కాల్లాగా రోజూ అప్పజెబితేనే వస్తుంది. హెల్మెట్ పెట్టుకోగానే బుర్ర సగమే పనిచేస్తుందని పైలట్లు సరదాకి అంటుంటారు. కుర్చీలో కూర్చుని పది సెకన్లు పట్టే లెక్క కాక్‌పిట్‌లో అసలు తెగదు. కింద రెండు సెకన్లలో వచ్చేదే పైన పనికొస్తుంది.

మొదటి మెట్టు, నాట్లను నిమిషానికి మైళ్లుగా మార్చడం. 60తో భాగిస్తే చాలు: 90 నాట్లకు ఒకటిన్నర, 120కి రెండు, 150కి రెండున్నర, 240కి నాలుగు, 300కి అయిదు నాటికల్ మైళ్లు. దీని మీదే మిగతావన్నీ నిలబడతాయి. 36 మైళ్ల దూరం 240 నాట్లతో 9 నిమిషాలు. గంటకు 600 కిలోల ఇంధనం తాగే ఇంజిన్‌కు ఆ 9 నిమిషాల్లో 90 కిలోలు ఖర్చు.

రెండోది ఒకటికి అరవై సూత్రం. 60 మైళ్లు వెళ్లాక 1 మైలు పక్కకు తొలిగితే 1 డిగ్రీ తప్పినట్టు. 30 మైళ్లు వెళ్లేసరికి 2 మైళ్లు తొలిగారంటే 4 డిగ్రీల తప్పు. ఇంకో 30 మైళ్లలో దారిలోకి రావాలంటే ఆ 4కు ఇంకో 4 కలిపి 8 డిగ్రీలు తిరగాలి. మొదట్లో అందరూ చేసే పొరపాటు, 4 డిగ్రీలు మాత్రమే తిరిగి ఊరుకోవడం. అలా తిరిగితే అసలు దారికి సమాంతరంగా పోతూనే ఉంటారు తప్ప దాని మీదికి రారు.

ఇదే సూత్రాన్ని నిలువుగా తిప్పితే పిచ్ లెక్క వస్తుంది. ముక్కు 1 డిగ్రీ మారితే మైలుకు సుమారు 100 అడుగులు. 180 నాట్లంటే నిమిషానికి 3 మైళ్లు, కాబట్టి 1 డిగ్రీకి నిమిషానికి 300 అడుగులు. 300 నాట్ల దగ్గర అదే 1 డిగ్రీకి 500 అడుగులు. వేగం పెరిగేకొద్దీ చేతి కదలిక ఎందుకు చిన్నదవ్వాలో ఈ ఒక్క లెక్కే చెబుతుంది. లెవెల్‌గా ఎగరలేక పైకీ కిందకీ ఊగే కుర్రాళ్లకు లోపం చేతిలో కంటే ఈ లెక్కలో ఉండటమే ఎక్కువ.

దిగడం మొదలుపెట్టే చోటుకు రెండు అడ్డదారులు వాడుకలో ఉన్నాయి. ఒకటి, దిగాల్సిన వేల అడుగులను 3తో గుణించడం: 12,000 అడుగులకు 36 మైళ్లు. రెండోది, భూమి మీది వేగాన్ని 5తో గుణిస్తే నిమిషానికి దిగాల్సిన అడుగులు: 240 నాట్లకు 1,200. ఈ లెక్కన 12,000 అడుగులు దిగడానికి 10 నిమిషాలు, అంటే 40 మైళ్లు. ఒకే పనికి 36, 40 అని రెండు జవాబులు రావడం చూసి కంగారుపడకండి. మొదటిది మైలుకు 333 అడుగులు అనుకుంటుంది, రెండోది 300 అనుకుంటుంది. కచ్చితమైన 3 డిగ్రీల వాలు మైలుకు దాదాపు 318 అడుగులు, రెంటికీ మధ్యన. దీనికి కాలిక్యులేటర్ తీయాల్సిన పనిలేదు. ఏ అడ్డదారి ఎటు తప్పుతుందో తెలిస్తే చాలు.

అడ్డగాలి లెక్కకు సైన్ విలువలు నాలుగు గుర్తుంటే సరి: రన్‌వేకూ గాలికీ మధ్య కోణం 30 డిగ్రీలైతే గాలివేగంలో సగం, 45కు ఏడు పదోవంతులు, 60కి తొమ్మిది పదోవంతులకు కాస్త తక్కువ, 90కి మొత్తం. రన్‌వే 27 (అంటే 270 డిగ్రీల దిశ), గాలి 240 డిగ్రీల నుంచి 16 నాట్లంటే అడ్డగాలి 8 నాట్లు, ఎడమ నుంచి. ఎడమో కుడో చెప్పని జవాబుకు సగం మార్కులే వేసుకోండి. వ్యతిరేక దిశ కూడా అలాగే నోటికి రావాలి. 200 కలిపి 20 తీసేస్తే 070కి ఎదురు 250 వస్తుంది. 180 దాటిన దిశలకు 200 తీసేసి 20 కలపాలి.

సాధన ఎలాగంటే, రోజూ 15 నిమిషాలు, నిలబడో నడుస్తూనో, గొంతెత్తి. ఒకరు ప్రశ్న చదువుతుంటే రెండో వాళ్లు 5 సెకన్లలో జవాబు చెప్పాలి. 10 శాతం అటూ ఇటూ అయినా సరైనట్టే. కాగితం మీద అన్నీ తప్పుల్లేకుండా చేసేవాళ్లు కూడా మెట్లు దిగుతూ చెప్పమంటే మొదటి వారం తడబడతారు. ఆ తడబాటు పోగొట్టుకోవడానికే ఇదంతా.

ఏరోడైనమిక్స్, వాతావరణం, మిగతావి

ఏరోడైనమిక్స్‌ను తక్కువ విస్తీర్ణంలో ఎక్కువ లోతుగా చదవాలి. లిఫ్ట్ (రెక్క విమానాన్ని పైకెత్తే బలం) సమీకరణంలోని ప్రతి పదం దేన్ని సూచిస్తుందో, పైలట్ చేతిలో ఉన్నవి అందులో ఏవేవో చెప్పగలగాలి. వేగం, ఏంగిల్ ఆఫ్ అటాక్ (రెక్కకూ ఎదురొచ్చే గాలికీ మధ్య కోణం) ఎప్పుడూ అతని చేతిలో ఉంటాయి. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున ఉండే పలకలు) దించితే రెక్క ఆకారమూ అతని చేతిలోకి వస్తుంది. వేగం తగ్గితే విమానం స్టాల్ అవుతుందనే జవాబు బడిలో చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. క్రిటికల్ ఏంగిల్ ఆఫ్ అటాక్ దాటితే ఏ వేగంలోనైనా, ముక్కు ఎటు చూస్తున్నా స్టాల్ అవుతుంది. లెవెల్‌గా 60 డిగ్రీల బ్యాంక్‌తో (పక్కకు వాలి) తిరిగితే రెక్కల మీద 2 జీ, అంటే మామూలు బరువుకు రెట్టింపు పడుతుంది, స్టాల్ వేగం రెండు వర్గమూలంతో, అంటే 1.41తో గుణించుకుంటుంది. నేరుగా ఎగిరేటప్పుడు 70 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం ఆ తిరుగుడులో 99 నాట్ల దగ్గరే స్టాల్ అవుతుంది. డ్రాగ్ (విమానాన్ని వెనక్కి లాగే గాలి బలం) విషయానికొస్తే, వేగం రెట్టింపైతే పారసైట్ డ్రాగ్ (విమానం ఆకారం, ఉపరితలం వల్ల వచ్చేది) నాలుగింతలవుతుంది, ఇండ్యూస్డ్ డ్రాగ్ (లిఫ్ట్ పుట్టించడం వల్ల వచ్చేది) నాలుగోవంతుకు పడిపోతుంది. ఆ రెండు గీతలు గీసి, అవి కలిసే చోటుకు ఎడమ పక్కన ఎగిరితే నెమ్మదించేకొద్దీ ఎక్కువ థ్రస్ట్ (ఇంజిన్ తోసే బలం) ఎందుకు కావాలో పుస్తకం మూసి మూడు నిమిషాల్లో వివరించగలిగితే ఆ అధ్యాయం అయిపోయినట్టే. మాక్ సంఖ్యలు, షాక్ వేవ్‌ల జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. అవి జెట్‌కు మారాక వచ్చే సంగతులు, అప్పటికి మర్చిపోతారు.

మొదటి ట్రైనర్ ప్రొపెల్లర్ విమానం అయ్యే అవకాశం ఎక్కువ. పీసీ 7, పీసీ 21, టీ 6 టెక్సాన్ 2 అనే శిక్షణ విమానాలు మూడింటికీ ఉన్నది పీటీ 6 రకం టర్బోప్రాప్ (టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే) ఇంజినే. దాని అంకెలు కాక పనిచేసే తీరు చదవండి: గాలి వెనక నుంచి లోపలికి వచ్చి ముందుకు ప్రవహిస్తుంది, కంప్రెసర్‌ను తిప్పే టర్బైన్, ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ విడివిడిగా ఉంటాయి. కాక్‌పిట్ నుంచి చూస్తే గడియారపు దిశలో తిరిగే ప్రొపెల్లర్‌కు పవర్ పెంచగానే ముక్కు ఎడమకు లాగుతుంది, కుడికాలు నొక్కాలి. కుడికాలు అని కాక కారణం గుర్తుపెట్టుకోండి, తిరిగే దిశ మారితే కాలూ మారుతుంది.

వాతావరణానికి రోజూ పావుగంట చాలు, కానీ రోజూ. ఒక విమానాశ్రయం ఎంచుకుని పొద్దున దాని మెటార్ (అప్పటి వాతావరణ నివేదిక), టాఫ్ (రాబోయే గంటల అంచనా) తీసుకోండి. కోడ్ విప్పి మామూలు మాటల్లో రాయండి. సాయంత్రం అసలేం జరిగిందో పక్కన రాయండి. మూడు వారాలయ్యేసరికి కోడ్ చదవడం చూపుతోనే అయిపోతుంది. మెటార్‌లో గాలి దిశ ట్రూ నార్త్ (భౌగోళిక ఉత్తరం) నుంచి, టవర్ నోట వినేది మ్యాగ్నెటిక్ నార్త్ (దిక్సూచి చూపే ఉత్తరం) నుంచి. ఈ తేడా చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. అంకెల్లో ప్రామాణిక వాతావరణం కంఠతా రావాలి: సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్, 1013.25 హెక్టోపాస్కల్స్, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీల తగ్గుదల, 36,000 అడుగుల పైచిలుకు దగ్గర ఆ తగ్గుదల ఆగి మైనస్ 56.5. గాలి వేడికీ డ్యూ పాయింట్‌కూ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రతకూ) మధ్య తేడాను 400తో గుణిస్తే క్యుములస్ (దూదిపింజల్లాంటి) మేఘాల అడుగుభాగం ఎన్ని అడుగుల ఎత్తున ఉంటుందో దాదాపుగా తెలుస్తుంది. 10 డిగ్రీల తేడా అంటే 4,000 అడుగులు. ఇక ఆల్టిమీటర్ (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే పరికరం) సంగతి. 1 హెక్టోపాస్కల్‌కు సుమారు 30 అడుగులు. 1013 ఉన్న చోటు నుంచి 1003 ఉన్న చోటుకు సెట్టింగ్ మార్చకుండా వెళ్తే పరికరం చూపేదానికంటే నిజంగా దాదాపు 300 అడుగులు కిందున్నట్టు. తప్పు ఎటువైపో ప్రతిసారీ బొమ్మ గీసి తేల్చుకోండి. బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే దిశ తారుమారు చేస్తారు.

పరికరాల్లో పీటో (ఎదురుగాలి పీడనం తీసుకునే), స్టాటిక్ (చుట్టూ ఉన్న గాలి పీడనం తీసుకునే) గొట్టాలు మూసుకుపోతే ఏం చూపిస్తాయో ఒక్కటి చదివితే మిగతా అధ్యాయం తేలికవుతుంది. స్టాటిక్ మూసుకుపోతే ఆల్టిమీటర్ ఉన్నచోటే నిలిచిపోతుంది, వేగమాపకం పైకెక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ చూపిస్తుంది.

శరీరధర్మాలకు ఒక వారాంతం చాలు. ఆక్సిజన్ లేకుండా పనికొచ్చే స్పృహ 25,000 అడుగుల దగ్గర 3 నుంచి 5 నిమిషాలు, 35,000 దగ్గర అర నిమిషం నుంచి నిమిషం. చెవిలోని అర్ధచంద్రాకార నాళాలు మేఘంలో ఎలా అబద్ధమాడతాయో చదవండి. జీ తట్టుకునే శ్వాస పద్ధతిని మాత్రం వీడియో చూసి సొంతంగా సాధన చేయకండి. కండరాల బిగింపు, ఊపిరి మధ్య సమయం తప్పుగా అలవాటైతే సెంట్రిఫ్యూజ్‌లో (మనిషిని గిరగిరా తిప్పి జీ పుట్టించే యంత్రంలో) బయటపడుతుంది.

రేడియోలో ఎక్కడైనా ఒకేలా ఉండేవి ఏ, బీ అక్షరాలను ఆల్ఫా, బ్రేవో అని పలికే వర్ణమాల, అంకెల ఉచ్చారణ. 3ని ట్రీ, 5ని ఫైఫ్, 9ని నైనర్ అనాలి. రోడ్డు మీద కనిపించే బండి నంబర్లు అలా చదువుకుంటూ పోతే వారంలో వచ్చేస్తుంది.

పుస్తకమా, సిమ్యులేటరా, చిన్న విమానమా, గ్లైడరా

ఇక్కడ డబ్బు, సమయం రెండూ ముడిపడి ఉంటాయి కాబట్టి ఎక్కువ తర్జనభర్జన నడుస్తుంది. ఎవరెన్ని చెప్పినా, పైన చెప్పిన నోటి లెక్కలు, ఏరోడైనమిక్స్ రాకముందు మిగతా మూడింట్లో దేనికి ఖర్చుపెట్టినా నేల విడిచి సామే.

ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ పరికరాలు చదివే వరస నేర్పుతుంది, వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రం నుంచి దిశ తెలిపే పరికరం) సూది ఏం చెబుతోందో అర్థం చేయిస్తుంది. ఇందులో అది పుస్తకం కంటే మెరుగు. స్టిక్ బరువు, ట్రిమ్‌తో ఆ బరువు దింపడం, వీపు కింద తెలిసే జారుడు మాత్రం అది నేర్పలేదు. అసలు నష్టం చూపుకు జరుగుతుంది. తెర చిన్నది కాబట్టి కళ్లు పరికరాల మీదే అతుక్కుంటాయి. తొలి దశ శిక్షణలో చూపు ఎక్కువసేపు బయటే ఉండాలి. మెలితిప్పితే రడ్డర్ (కాళ్లతో తిప్పే తోక పలక) తిరిగే జాయ్‌స్టిక్ ఇంకో చేటు: కాళ్ల పనిని చేతికి అప్పగిస్తుంది. పెడల్స్ లేకపోతే రడ్డర్ ఆటోమేటిక్‌లో పెట్టేయడమే నయం. వాడాలనుకుంటే ఒక్కో విడత అరగంట, ఒక్కటే లక్ష్యం. 30 డిగ్రీల బ్యాంక్‌తో లెవెల్ టర్న్, ఎత్తు 100 అడుగుల లోపు, వేగం 5 నాట్ల లోపు, ఆగాల్సిన దిశ 5 డిగ్రీల లోపు. ఊరికే అటూ ఇటూ ఎగిరితే అది ఆట.

చిన్న విమానంలో అసలైన గంటలకు వేరే విలువ ఉంది. కడుపులో తిప్పుతుందా లేదా ముందే తెలుస్తుంది, రేడియో బటన్ నొక్కగానే గొంతు పట్టేయడం తగ్గుతుంది, రన్‌వే దగ్గరపడేటప్పుడు ఎలా కనిపించాలో కన్ను నేర్చుకుంటుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు సాధారణంగా కనీసం 40 గంటలు ఎగరాలి. అంతదాకా వెళ్లడం అవసరమా అంటే, సైనిక శిక్షణ కోసమే అయితే అక్కర్లేదు. పైన చెప్పిన లాభాల్లో ముప్పాతిక మొదటి 10, 15 గంటల్లోనే దక్కుతాయి. ఆ తర్వాత అలవాట్లు గట్టిపడటం మొదలవుతుంది. చాలా చిన్న విమానాల్లో ఎడమ సీటులో కూర్చుని ఎడమచేత్తో యోక్ (స్టీరింగ్ లాంటి పిడి), కుడిచేత్తో థ్రాటిల్ పట్టుకుంటారు. సైనిక ట్రైనర్‌లో స్టిక్ కుడిచేతికి, థ్రాటిల్ ఎడమచేతికి. సర్క్యూట్ దీర్ఘచతురస్రంలా కాక వంపుగా, రెట్టింపు వేగంతో. లైసెన్స్ ఉన్నవాళ్లు మొదటి పది సార్టీల్లో (శిక్షణలో ఒక్కోసారి ఎగరడాల్లో) ముందుంటారు, ఆ తర్వాత వెనకబడేది ‘ఇది నాకు తెలుసు’ అనుకున్నవాళ్లే.

గ్లైడర్ దొరికే చోట ఉంటే, చిన్న విమానం కంటే దానికే మొగ్గు చూపమంటాం. పొడుగాటి రెక్కల వల్ల ఎడ్వర్స్ యా (ఒక పక్కకు వాలగానే ముక్కు ఎదురు పక్కకు లాగడం) కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, అద్దం మీది దారం ముక్క పక్కకు పోగానే కాళ్లు పని మొదలుపెడతాయి. ఇంజిన్ లేదు కాబట్టి ఎత్తు, వేగాల లెక్క ఎప్పుడూ తలలో నడుస్తుంది. ఇంజిన్ ఆగితే పొలంలో దింపే అభ్యాసం వచ్చినప్పుడు ఇదే అక్కరకొస్తుంది. లోటు, రోజంతా మైదానంలో ఉంటే గాల్లో ఉండేది కాసేపే. సమయం తక్కువున్నవాళ్లకు అది కుదరదు.

ఎంత గడువుంటే ఏది

ఆరు నెలలుంటే మొదటి రెండు నెలలు లెక్కలు, ఏరోడైనమిక్స్, రోజుకు గంటన్నర. తర్వాతి రెండు నెలలు వాతావరణం, పరికరాలు, వాటితోపాటు గ్లైడర్ గానీ 10 గంటల చిన్న విమానం గానీ. చివరి రెండు నెలలు కొత్తవేమీ పెట్టుకోకుండా మళ్లీ మళ్లీ అప్పజెప్పుకోవడం, వ్యాయామం. రెండు నెలలే ఉంటే గాల్లో ఎగిరే ఆలోచన మానేసి లెక్కలు, ఏరోడైనమిక్స్, మెటార్ అంతే. రెండు వారాలే ఉంటే లెక్కలు, వర్ణమాల. మిగతా సమయం నిద్రకు, పొద్దున్నే లేచే అలవాటుకు ఇచ్చేయండి.

ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఏరోడైనమిక్స్‌లో ఇష్టంగా మునిగిపోయి నోటి లెక్కలు చిన్నచూపు చూస్తారు. కాలిక్యులేటర్ లేకుండా 17ను 6తో గుణించమంటే ఆగిపోయేది వాళ్లే ఎక్కువ. వాళ్లు సగం సమయం లెక్కలకే ఇవ్వాలి. ఆర్ట్స్ చదివినవాళ్లకు కాలిక్యులస్ అక్కర్లేదు. సైన్, కొసైన్, వెక్టార్లు కలపడం, యూనిట్లు మార్చడం, ఈ మూడూ పదో తరగతి స్థాయిలో వస్తే సరిపోతుంది.

చదివింది నిలవాలంటే కార్డులు రాయండి, ఒక్కో కార్డుకు ఒక్క ప్రశ్న, ఒక్క వాక్యం జవాబు. మూడు వాక్యాల జవాబున్న కార్డు సగం గుర్తొచ్చినా వచ్చిందనే అనిపిస్తుంది. దాన్ని మూడుగా విడగొట్టాలి. ఒకసారి చదివింది తొలి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించాడు. అందుకే మర్నాడు, మూడో రోజు, వారానికి, పదిహేను రోజులకు అదే కార్డు తిప్పాలి. తప్పిన కార్డు మళ్లీ మొదటి రోజుకు పోతుంది. చాలా శిక్షణ కేంద్రాల్లో పొద్దున అందరి ముందు నిలబెట్టి ప్రశ్నలడుగుతారు కాబట్టి కార్డులు కూడా నిలబడి, నోటితో చెప్పాలి. మనసులో వచ్చింది నోటికి రాకపోవడం అక్కడి మొదటి వారపు బాధ.

ఇక నోట్‌బుక్ రాసేటప్పుడు ప్రతి పేజీలో కుడివైపు మూడోవంతు ఖాళీ వదలండి. శిక్షణ మొదలయ్యాక అక్కడిచ్చే అంకె, అక్కడి మాట మీరు రాసుకున్నదానికి భిన్నంగా ఉంటే ఆ ఖాళీలో కొత్తది రాసి పాతదాన్ని అడ్డంగా కొట్టేయండి, పరీక్షలో రాయాల్సింది వాళ్ల అంకే.